సంజ్ఞా భాషా తర్జుమాదారులకు తోటివారి తోడ్పాటు: బొగ్గుగనుల ప్రాంత సంఘముల దృష్టితో ఒక పరిశీలన

అర్థము చెప్పువాడు లేనప్పుడు మాటలాడువాడు సంఘములో మౌనముగా ఉండాలని పౌలు కొరింథు సంఘమునకు నియమము పెట్టాడు (1 కొరింథీ 14:27, 28). భాషల వరమును గూర్చిన వాదములలో ఈ వచనములను మనము ఎంతగానో వాడుకొన్నాము. అయితే ఆ అర్థము చెప్పువానికి ఎవరు నేర్పారు? అతడు తప్పు చెబితే ఎవరు సరిచేస్తారు? అలసిపోతే ఎవరు అందుకొంటారు? ఈ ప్రశ్నలు మన వ్యాఖ్యానములలో కనబడవు. సంఘములో బధిరుల కొరకు సంజ్ఞా భాషలో తర్జుమా చేసేవారి విషయములో ఈ ప్రశ్నలు తప్పించుకోలేనివి. తర్జుమాదారులు ఒకరికొకరు మార్గదర్శకులుగా ఉండే పద్ధతిని, అనగా పీర్ మెంటరింగ్‌ను, రామగుండము, గోదావరిఖని ప్రాంతపు సంఘ జీవితమునకు అన్వయించి వివరించుట ఈ వ్యాస ఉద్దేశము.

ఈ విషయము వైపు నన్ను నడిపించినది నా తప్పే గనుక దానిని మొదట చెప్పుకోవాలి. మా సంఘములో బధిరులైన దంపతులు ఉన్నారు. భర్త కాలనీ బజారులో దర్జీ పని చేసేవాడు. వారి కుమార్తెకు వినికిడి ఉన్నది. చిన్ననాటి నుండి ఆమె ముందు బల్ల ప్రక్కన నిలువబడి ప్రసంగమును సైగలతో చెప్పేది. మొదట తల్లిదండ్రులకే చెప్పేది. తరువాత చుట్టుప్రక్కల కాలనీల నుండి మరి నలుగురు బధిరులు రావడము మొదలుపెట్టారు. ఆసుపత్రికి, బ్యాంకుకు, పెండ్లి మాటలకు, ఒకసారి పోలీస్ స్టేషనుకు కూడా ఆమెనే పంపాను. "మన అమ్మాయి ఉన్నది గదా" అనడము నాకు అలవాటైపోయింది. ఒక సంవత్సరము ఆమె తండ్రికి జబ్బు చేసింది. నయము కాదని వైద్యుడు చెప్పిన మాటను తండ్రికి సైగలతో చెప్పవలసినది ఆమే. అదే వారములో మరొక ఇంటి భూస్థాపన కూడికకు నేను ఆమెను పిలిచాను. వచ్చింది, నిలువబడింది, పూర్తిచేసింది. ఆ తరువాత మూడు నెలలు వెనుక బల్ల మీదనే కూర్చున్నది. ఆత్మీయముగా చల్లబడినదేమో అనుకొని, హెచ్చరించుటకే ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె చెప్పినది ఒక్కటే మాట: "అయ్యగారూ, నేను చేసేది మంచిగున్నదో లేదో పదకొండేండ్లల్ల ఒక్కరు కూడా చెప్పలేదు."

ఆమె జీతము అడుగలేదు, మెప్పు అడుగలేదు. తన పనిని చూచి అర్థము చేసికొనగల మరొక మనిషి కావాలన్నది. ఆ మనిషిని నేను కాలేను, నాకు సంజ్ఞా భాష రాదు. ఇక్కడ కావలసినది తోటి తర్జుమాదారుడే.

సంజ్ఞా భాష, తర్జుమా వృత్తి

2011 జనగణన ప్రకారము మన దేశములో వినికిడి లోపము గలవారు సుమారు 50 లక్షలు. భారతీయ సంజ్ఞా భాష తెలుగునకు గాని, హిందీకి గాని చేతి అనువాదము కాదు. దానికి స్వంత వ్యాకరణము ఉన్నది. కనుబొమలు, తల కదలిక, ముఖ కవళికలు ఆ వ్యాకరణములో భాగములు. అందువలన ముఖము బిగించుకొని చేతులు మాత్రము కదిపే తర్జుమాదారుడు, ఎత్తుపల్లములు లేకుండా ఒకే స్వరముతో చదువుకుపోయే వాక్య పాఠకుని వంటివాడు. ప్రశ్న ఎక్కడ ముగిసిందో చూచేవానికి తెలియదు.

మన దేశములో ఈ తర్జుమాకు శిక్షణ ఆలస్యముగా మొదలైనది. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థలో 2001లో సంజ్ఞా భాషా విభాగము ఏర్పడి ఎ, బి, సి అనే మూడు స్థాయిలలో శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము ఉన్నది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము స్థాపించబడినది. అది 2018లో 3,000 పదములతో ప్రారంభించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. తర్జుమాదారులకు రెండు సంవత్సరముల డిప్లొమా ఉన్నది. అమెరికాలో తర్జుమాదారుల రిజిస్ట్రీ 1964లో ఇండియానా రాష్ట్రములోని మన్సీ పట్టణములో ఏర్పడినదని గుర్తుచేసికొంటే మనము ఎంత వెనుక బయలుదేరామో తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ తన తర్జుమాదారుని సహాయముతో హాజరైనప్పుడు అది దేశమంతటా వార్త అయినది. వార్త అయినదంటేనే అది ఎంత అరుదో గ్రహించవచ్చును.

డిప్లొమా పొందినవారు పట్టణములలో ఉంటారు. గోదావరిఖని నుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. బొగ్గుగనుల ప్రాంత సంఘములలో తర్జుమా చేసేవారు చాలవరకు బధిరుల పిల్లలు, అక్కచెల్లెండ్రు, లేదా బధిరుల పాఠశాలలో పనిచేసిన ఉపాధ్యాయులు. భాషను ఇంటిలో నేర్చుకొన్నవారికి భాష వస్తుంది, తర్జుమా రాదు. తెలుగు మాతృభాష అయిన ప్రతివాడు బైబిలు అనువాదకుడు కాలేడు గదా.

ఇక్కడ ఒక సంగతి స్పష్టము చేయాలి. మన ప్రాంతములో డ్రిల్లింగు, పేలుళ్ళు, యంత్రముల హోరు మధ్య సంవత్సరముల తరబడి పనిచేసి వినికిడి మందగించిన పెద్దలు ప్రతి సంఘములోను ఉన్నారు. వీరికి సంజ్ఞా భాష రాదు. వీరిని తర్జుమాదారుని ఎదుట కూర్చోబెట్టుట వలన ప్రయోజనము లేదు. వీరికి ముందు బల్లలో స్థలము, వినికిడి యంత్రము, పెద్ద అక్షరములతో వ్రాసిన ప్రసంగ సారము కావాలి. ఈ రెండు గుంపులను ఒకే పేరున కలిపివేసే కాపరులు చాలామంది ఉన్నారు.

గనిలోని అలవాటు

బాయి దిగే కార్మికునికి ఈ పద్ధతిని వేరుగా వివరించనక్కరలేదు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమముల ప్రకారము కొత్తవాడు శిక్షణ పొందకుండా పనిలో చేరడానికి వీలులేదు. శిక్షణ ముగిసిన తరువాత కూడా అనుభవజ్ఞుని ప్రక్కన పనిచేస్తూనే నేర్చుకొంటాడు. అయితే నేను ఎక్కువగా ఆలోచించినది పైకప్పు పరీక్షను గూర్చి. కర్రతో పైకప్పును తట్టి ఆ శబ్దమును బట్టి రాయి గట్టిగా ఉన్నదో, పొరలు విడిపోయి డొల్లగా ఉన్నదో తెలిసికొంటారు. ముప్పది సంవత్సరముల అనుభవము గలవాడు కూడా అనుమానము వస్తే ప్రక్కవానిని పిలిచి మరల తట్టి చూపిస్తాడు. ప్రక్కవాడు పై అధికారి కాడు, పరీక్షకుడు కాడు. అదే కప్పు క్రింద నిలువబడినవాడు. తోటివారి తోడ్పాటు అంటే ఇదే.

గురువు శిష్యునికి నేర్పుట వేరు, పై అధికారి పనిని అంచనా వేయుట వేరు. తోటివారి తోడ్పాటులో ఇద్దరు సమానులు వంతులవారీగా ఒకరి పనిని ఒకరు చూచి, చూచిన దానిని గూర్చి మాటలాడుకొంటారు. ఇనుము చేత ఇనుము పదునెక్కుననే సామెతల గ్రంథపు మాట (27:17) ఇట్టి సంబంధమును గూర్చినదే. బర్నబా పౌలును యెరూషలేములో అపొస్తలుల యొద్దకు తెచ్చాడు, తరువాత తార్సునకు వెళ్ళి వెదకి అంతియొకయకు తోడుకొని వచ్చాడు (అపొ. 9:27, 11:25, 26). మొదట చేయి పట్టుకొని నడిపినవాడే కొంతకాలమునకు జతపనివాడైనాడు. వారిద్దరికి తీవ్రమైన భేదము కూడా వచ్చినదని లూకా దాచలేదు (15:39). తోటివారి మధ్య ఇట్టిది వస్తుందని ముందే ఎరిగి ఉండాలి.

పని ఎలా జరుగుతుంది

ప్రసంగమునకు ముందు ఇద్దరు తర్జుమాదారులు ప్రసంగ సారమును దగ్గర పెట్టుకొని కూర్చుంటారు. వారికి కష్టము కలిగించేవి పెద్ద మాటలు కావు, మనము ఆలోచించకుండా వాడే మాటలు. ఎఫెసీ 1:7లోని "విమోచన" అనే మాట తీసికొందాము. కట్లు విప్పినట్లు చూపించాలా, వెల చెల్లించినట్లు చూపించాలా? రెండును చూపిస్తే ప్రసంగము ముందుకు వెళ్ళిపోతుంది. "దేవుని గొర్రెపిల్ల" అని ఉన్నదున్నట్లు చూపిస్తే, బలిని గూర్చి ఎన్నడును వినని బధిరునికి మందలోని గొర్రెపిల్లే కనబడుతుంది. "ఆత్మ" అనే సైగ దయ్యము అనే అర్థములోనికి జారిపోకుండా చూడాలి. పేర్ల సంగతి మరొక చిక్కు. భారతీయ సంజ్ఞా భాషలో వ్రేళ్ళతో అక్షరములు చూపే పద్ధతి రెండు చేతులతో, ఇంగ్లీషు అక్షరమాలను బట్టి జరుగుతుంది. తెలుగు మాధ్యమములో చదివిన బధిరుని చేతిలో ఉన్న బైబిలులో "యోహాను" అని ఉంటుంది. తర్జుమాదారుడు "జాన్" అని వ్రేళ్ళతో చూపిస్తే ఈ ఇద్దరు ఒకరేనని అతనికి ఎవరు చెప్పాలి? ఇట్టి నిర్ణయములు ఒక్కరు నిలువుకాళ్ళ మీద తీసికొనేకంటె ఇద్దరు ముందుగా తీసికొని, ఆ తరువాత అందరు అదే వాడుట మేలు.

ప్రసంగ సమయములో ఒకరు తర్జుమా చేస్తుండగా మరొకరు ఎదుట కూర్చుంటారు. విశ్రాంతికి కాదు. జారిపోయిన పేరును, సంఖ్యను, వచనమును అందించుటకు. ఇరువది లేక ముప్పది నిమిషములకు ఒకసారి మారుతారు. మౌఖిక తర్జుమాదారులపై బార్బరా మోజర్-మెర్సర్ బృందము 1998లో ప్రచురించిన పరిశోధనలో ఒక విషయము బయటపడినది. వంతు మరీ పొడవైనప్పుడు తప్పులు పెరుగుతాయి, తమ పని నాణ్యత పడిపోయినదని తర్జుమాదారులకే తెలియదు. మన ప్రసంగములు ఎంత పొడవో మనకు తెలుసు. గంటంబావు సేపు ఒక్క అమ్మాయిని నిలువబెట్టి, చివరి అరగంటలో బధిరులకు ఏమి అందినదో నేను ఎన్నడును అడుగలేదు.

కూడిక ముగిసిన తరువాత జరిగే సంభాషణ అన్నిటికంటె ముఖ్యమైనది, చెడిపోవడానికి ఎక్కువ అవకాశము ఉన్నదీ అదే. "బాగా చేశావు" అనుట సహాయము కాదు. "అక్కడ తప్పు చేశావు" అనుట కూడా చాలదు. చూచినదానిని చెప్పి, ఆలోచనను అడగాలి. "క్షమించెను అన్న చోట, మరచిపోయెను అన్నట్టు నాకు కనబడింది. అప్పుడు నీ మనసులో ఏమున్నది?" అని అడిగితే జవాబు వస్తుంది. ఒకవేళ ఆమె తెలిసే అలా చేసి ఉండవచ్చును, యిర్మీయా 31:34 మనసులో ఉండి ఉండవచ్చును. ఫోనులో తీసిన వీడియో ఉంటే ఈ సంభాషణ జ్ఞాపకము మీద కాక కన్నుల ఎదుట ఉన్నదాని మీద సాగుతుంది. వీడియోలో బధిరులు కనబడితే వారి అనుమతి కావాలి, చర్చ అయిన తరువాత దానిని తుడిచివేయాలి.

ఈ సంభాషణలకు ఒక చట్రము ఉన్నది. రాబిన్ డీన్, రాబర్ట్ పోలార్డ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, ఉద్యోగ ఒత్తిడిని గూర్చి రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతమును 2001లో సంజ్ఞా భాషా తర్జుమాకు అన్వయించారు. తర్జుమాదారుని మీద పడే భారములను వారు నాలుగు విధములుగా చూచారు. మొదటిది పరిసరములది: వెలుతురు తక్కువ, తర్జుమాదారుని వెనుక కిటికీ నుండి ఎండ, చెవి ప్రక్కనే లౌడ్‌స్పీకరు. రెండవది మనుష్యుల మధ్యది: భార్యాభర్తల తగవులో ఇద్దరును తర్జుమాదారునే తమ పక్షము చేసికొనజూచుట. మూడవది మాట వచ్చే తీరుది: కాపరి గొణుగుట, లేదా ప్రమాదములో రెండు వ్రేళ్ళు పోయిన బధిరుని సైగలు వేరుగా కనబడుట. నాలుగవది తర్జుమాదారుని లోపలిది: ఆకలి, నిద్రలేమి, స్వంత దుఃఖము. మా అమ్మాయి భూస్థాపన కూడికలో మోసినది ఈ నాలుగవ భారమే. నాకు మొదటిది కూడా కనబడలేదు. ఒక్కొక్క భారమునకు ముందు ఏమి చేయగలము, ఆ సమయములో ఏమి చేయగలము, తరువాత ఏమి చేయగలము అని తోటివారు కలిసి ఆలోచిస్తారు. "ఈ వారము నేను రాలేను" అనుట కూడా అందులో ఒక జవాబే.

బధిరులు లేని బల్ల

ఇద్దరు వినికిడి గలవారు ఒకరి సైగలను ఒకరు మెచ్చుకొంటూ ఉంటే, గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు దారి చూపిన ఉపమానము (లూకా 6:39) గుర్తుకు వస్తుంది. భాష బధిరులది. అందువలన ఈ కూటములో బధిరులు కనీసము ఒకరిద్దరు సహాయము పొందేవారిగా గాక భాషా మార్గదర్శకులుగా కూర్చోవాలి. బడికి వెళ్ళని వృద్ధ బధిరులు ఇంటిలో ఏర్పడిన సైగలే వాడుతారు. పట్టణములో డిప్లొమా చేసిన తర్జుమాదారునికి కూడా అవి అర్థము కావు. అట్టి చోట అదే ప్రాంతపు బధిరుడొకరు మధ్య నిలిచి, తర్జుమాదారుని సంజ్ఞా భాషను ఆ వృద్ధుని సైగలలోనికి మార్చితే సందేశము చేరుతుంది. బధిరుడే తర్జుమాదారుడగుట చాలా దేశములలో గుర్తింపు పొందిన పని.

విశ్వాసము వినుట వలన కలుగునను రోమా 10:17ను బట్టి బధిరులను విశ్వాసమునకు వెలుపల ఉంచిన చరిత్ర ఉన్నది. జూలియనునకు విరోధముగా వ్రాసిన గ్రంథములో అగస్టీను ఈ వచనమును అలా ఉపయోగించాడు. అదే అగస్టీను "బోధకుడు" అనే తన మరొక గ్రంథములో బధిరులు సైగలతో సంభాషించుకొనుటను ఒప్పుకొన్నాడు. పౌలు వాడిన "అకొయె" అనే గ్రీకు మాట చెవి చేయు పనిని మాత్రమే సూచించదు, వినిపించబడిన సమాచారమును కూడా సూచిస్తుంది. అంతకు ముందు వచనములో యెషయా 53:1 నుండి తీసికొన్న మాటలోను అదే పదము ఉన్నది. సమాచారము కన్ను ద్వారా చేరితే అది చేరినట్లే. లూకా 1:62, 63లో బంధువులు జెకర్యాకు సైగలు చేసి అతనినే అడిగారు, అతడు పలక మీద వ్రాసి జవాబిచ్చాడు. కాపరులు సాధారణముగా బధిరుని విడిచి తర్జుమాదారుని ముఖము చూచి మాటలాడుతారు. జెకర్యా బంధువులు మనకంటె నయము.

రహస్యము

చిన్న ఊరిలో ఇది అన్నిటికంటె కష్టమైన భాగము. తర్జుమాదారుడు విన్న సంగతులు బయటకు పోకూడదు. అమెరికా తర్జుమాదారులు 2005లో సవరించుకొన్న ప్రవర్తనా నియమావళిలో మొదటి నియమము ఇదే. అయితే తోటివారితో అనుభవమును పంచుకోకుండా ఎలా నేర్చుకొంటారు? పేరు తీసివేస్తే చాలునని పుస్తకములు చెప్పవచ్చును. ఎనిమిదవ ఇంక్లైను కాలనీలో ఇద్దరు కుమార్తెలున్న బధిరుడు అంటే పేరు చెప్పనక్కరలేదు. అందుచేత మేము ఒక కట్టుబాటు చేసికొన్నాము. మనిషిని గూర్చి, స్థలమును గూర్చి, జబ్బును గూర్చి, తగవును గూర్చి చెప్పకూడదు. "నేను ఇట్టి భారమును ఎదుర్కొన్నాను, ఇట్టి నిర్ణయము తీసికొన్నాను" అని తన పనిని గూర్చి మాత్రమే చెప్పాలి. కాపరి ఆ గదిలో ఉండకూడదు. ఈ చివరి మాట నాకు మొదట రుచించలేదు.

ఎక్కడ తర్జుమా చేయకూడదో చెప్పుట కూడా తోటివారి పనే. సాక్షి మాటలాడలేనప్పుడు న్యాయస్థానము తర్జుమాదారుని లేక ప్రత్యేక ఉపాధ్యాయుని సహాయము తీసికొని, ఆ వాంగ్మూలమును వీడియో తీయించాలని 2013 సవరణ ద్వారా సాక్ష్య చట్టములోనికి వచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియములో అది 125వ సెక్షను. సంఘములో పాటలకు తర్జుమా చేసే స్వచ్ఛంద సేవకురాలిని అట్టి చోటికి పంపుట ఆమెకును, సాక్షికిని అన్యాయము. "ఇది నా స్థాయి కాదు" అని ఒంటరిగా చెప్పలేని అమ్మాయి, నలుగురు తన వెనుక ఉంటే చెప్పగలదు.

కాపరుల వంతు

ఒక సంఘములో ఇద్దరు తర్జుమాదారులు దొరకడము అరుదు. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి కలిపి చూస్తేనే ఒక చిన్న కూటము అవుతుంది. వారు ఒకే శాఖవారు కారు. సి.ఎస్.ఐ., బాప్టిస్టు, పెంతెకొస్తు, కతోలిక సంఘములవారు ఒకే బల్ల చుట్టు కూర్చోవాలి. "మా బధిరులను వారు తీసికొనిపోతారు" అనే భయము కాపరులలో ఉన్నది. నేను కూడా దానికి అతీతుడను కాను. నది దాటి వెళ్ళలేని నెలలో వీడియో కాల్ చేసికోవచ్చును. సైగలు కనబడాలి గనుక మామూలు ఫోను కాల్ పనికిరాదు, డేటా ఖర్చు సంఘము భరించాలి.

మిగిలినవి చిన్న పనులే. ప్రసంగ సారమును ముందుగా ఇవ్వాలి. తర్జుమాదారుని ముఖము మీద వెలుగు పడాలి. "కన్నులు మూసికొందాము" అని మనము అనగానే బధిరులకు ప్రార్థన ఆగిపోతుంది. కన్నులు తెరచి ప్రార్థించుట అపరాధము కాదని సంఘమునకు ఒకసారి బోధిస్తే సరిపోతుంది.

మా ప్రాంతములో నెలకొక శనివారము ముగ్గురు తర్జుమాదారులు, ఇద్దరు బధిరులు కూడుకొంటున్నారు. ఆ దర్జీ కుమార్తె వారిలో ఒకతె. నెలకు రెండు ఆదివారములు మాత్రమే ముందు నిలువబడుతుంది. మిగిలిన ఆదివారములు తల్లి ప్రక్కన కూర్చుని, మరొకరి చేతులను చూస్తుంది. ఆ కూటము నుండి నాకు ఇప్పటివరకు వచ్చిన విన్నపము ఒక్కటే: ప్రసంగ సారము శుక్రవారము సాయంకాలమునకు అందాలి. రెండు వారములు ఇచ్చాను. మూడవ వారము మరచిపోతే శనివారము ఉదయము ఆమె ఫోను చేసింది.